పాత లారీ అమ్మి కొత్తది కొనాలా?

(భిలాయిలో తెలుగు లారీ యజమానులైన ఖాతాదారుల సమావేశంలో మన శాఖ రుణ విభాగం అధికారి చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మా శాఖకు వచ్చే లారీ యజమానుల్లో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "సార్, బండికి పన్నెండేళ్లు దాటాయి. వచ్చిందంతా మెకానిక్కుకే పోతోంది. దీన్ని అమ్మేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నాను. ఎంత లోను ఇస్తారు?" 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ తర్వాత ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది.

ఎంత లోను ఇస్తారన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది. కొత్త బండికి నెలకు ఎన్ని కిలోమీటర్ల పని మీ చేతిలో ఉంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే లోను తీసుకోవాలో వద్దో దానంతట అదే తేలిపోతుంది. ఇవాళ ఈ ఒక్క విషయమే మాట్లాడతాను.

ప్లాంటు పెద్దదే, లారీ వాటా ఎంత?

మనవాళ్లు ఈ ఊరు ఎందుకు వచ్చారో మీకు తెలుసు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కట్టుబడి రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. ఖుర్సీపార్‌లోనో పవర్‌హౌస్ దగ్గరో నిలబడితే తెలుగు వినపడకుండా ఉండదు. తండ్రి ప్లాంటులో ఉద్యోగం చేశాడు, కొడుకు లారీ పెట్టాడు. ఇలాంటి ఇళ్లు ఈ హాల్లోనే చాలా ఉన్నాయి.

అందుకే మనలో ఒక ధీమా ఉంటుంది. "ప్లాంటు ఉన్నంతకాలం లారీకి పని లేకపోవడమేమిటి?" అంటారు. కొంచెం ఆగి చూడండి. దల్లీ-రాజ్‌హరా గనుల ఇనుప ఖనిజం రైల్లో వస్తుంది. ఈ ప్లాంటుకు పేరు తెచ్చిన రైలు పట్టాలు, 260 మీటర్ల పొడవున్న ప్యానెళ్లు, రైలు మీదే పోతాయి. అంటే ప్లాంటు ఎంత ఉత్పత్తి చేస్తే అంత పని లారీకి వస్తుందని లేదు. మన వాటాకు వచ్చేది ముఖ్యంగా కడ్డీలు, వైర్ రాడ్, స్ట్రక్చరల్స్, ప్లేట్లలో రోడ్డు మీద పోయే భాగం. స్లాగ్, స్క్రాపు, హథ్‌ఖోజ్ వైపు ఫ్యాక్టరీల సరుకు, జాముల్ వైపు సిమెంటు కూడా ఉంటాయి. ఏదైనా మిల్లు మరమ్మతుకు ఆగితే గేటు బయట లారీలు వరసకట్టి నిలబడతాయి. వానాకాలం కట్టడాలు తగ్గితే కడ్డీలకు గిరాకీ తగ్గుతుంది. నెలవారీ కిస్తీకి మాత్రం వానాకాలం, ఎండాకాలం ఉండవు.

ఇక్కడి పనిని రెండు రకాలుగా విడదీసుకుందాం. ఒకటి లోకల్. స్లాగ్, స్క్రాపు, గోడౌను నుంచి గోడౌనుకు, భిలాయి నుంచి రాయపూర్ దాకా. బండి రోజంతా పనిలో ఉన్నట్టే ఉంటుంది గానీ లోడింగు దగ్గర, కాటా దగ్గర, గేటు దగ్గర గంటలు పోతాయి. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే గొప్ప. రెండోది లాంగ్. నాగపూర్, హైదరాబాద్, విశాఖ. ఇందులో నెలకు 6,000, 7,000 కిలోమీటర్లు తిరిగే బండ్లున్నాయి. బండి మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ రెండు పనుల్లో జవాబు ఒకటి కాదు.

లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు చెప్పే అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

పాత బండి పది చక్రాలది, వయసు పన్నెండేళ్లు, అప్పు లేదు. అమ్మితే 8 లక్షలు వస్తుంది. లీటరుకు 3.2 కిలోమీటర్లు ఇస్తోంది. కొత్త బండి బాడీ, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలిపి 38 లక్షలు. పాత బండి అమ్మిన 8 లక్షలు మన వాటా, మిగతా 30 లక్షలు లోను. వడ్డీ 10 శాతం, 60 నెలలు. కిస్తీ 63,741 రూపాయలు. అయిదేళ్లలో కట్టే వడ్డీ 8 లక్షల 24 వేల పైచిలుకు. కొత్త బండికి బీమా ప్రీమియం కూడా ఎక్కువ. నెలకు 4,000 అదనం అనుకుందాం. అంటే కొత్త బండి వల్ల నెలకు దాదాపు 67,700 రూపాయల కొత్త భారం.

ఇక కొత్త బండి వల్ల మిగిలేది చూద్దాం. డీజిల్ లీటరు 95 అనుకుంటే పాత బండికి కిలోమీటరుకు దగ్గరదగ్గర 29 రూపాయల 70 పైసలు. కొత్తది లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 23 రూపాయల 75 పైసలు. అయితే బీఎస్-6 బండికి యాడ్‌బ్లూ పోయాలి. మన మెకానిక్కులు యూరియా అంటారే, అది. దానికి ముప్పావలా కలపండి. మొత్తం మీద కిలోమీటరుకు 5 రూపాయలు మిగులుతుంది.

రెండోది బరువు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. మూడు యాక్సిళ్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. మీ పాత బండి ఆర్‌సీలో 25 టన్నులే ఉంటే, కొత్త బండిలో ట్రిప్పుకు 3 టన్నులు ఎక్కువ వేసుకోవచ్చు. కిరాయి టన్నుకు, కిలోమీటరుకు రెండున్నర రూపాయలు అనుకుంటే లోడుతో నడిచే ప్రతి కిలోమీటరుకూ ఏడున్నర. బండి మూడింట రెండు వంతుల దూరమే లోడుతో నడుస్తుంది కాబట్టి సగటున 5 రూపాయలు. డీజిల్‌తో కలిపి కిలోమీటరుకు 10 రూపాయల మేలు.

మూడోది రిపేరు. పాత బండికి నెలకు 18,000, కొత్తదానికి సర్వీసుకు 8,000. తేడా 10,000. దీనికి షెడ్డులో నిలిచిన రోజులు కలపండి. రిపేరు బిల్లు అందరూ దాచుకుంటారు. బండి నిలిచిన రోజును ఎవరూ రాసుకోరు. నెలకు రెండు రోజులు, రోజుకు రెండున్నర వేలు పోయిందనుకుంటే ఇంకో 5,000. మొత్తం 15,000. ఇది బండి ఎంత తిరిగినా మిగిలే మొత్తం అనుకుందాం.

67,700లోంచి ఈ 15,000 తీసేస్తే 52,700. కిలోమీటరుకు 10 రూపాయల చొప్పున అది రాబట్టాలంటే నెలకు దాదాపు 5,300 కిలోమీటర్లు తిరగాలి. అదీ మూడింట రెండు వంతుల దూరం లోడుతో.

నెలకు 2,000 కిలోమీటర్ల లోకల్ పని చేసే అన్న ఈ బండి కొంటే ఆయనకు మిగిలేది 35,000, కొత్త భారం 67,700. నెలకు 33,000 లోటు, ఏడాదికి దాదాపు 4 లక్షలు. పాత బండి మీద ఇప్పటిదాకా ఇంటికి తెచ్చుకుంటున్న మిగులులోంచే అది పోవాలి. అదే బండిని 7,000 కిలోమీటర్ల లాంగ్ పనిలో పెట్టిన అన్నకు కిస్తీ కట్టాక కూడా మునుపటికంటే నెలకు 17,000 ఎక్కువ మిగులుతుంది. బండీ అదే, లోనూ అదే, బ్యాంకూ అదే. తేడా పనిలో ఉంది.

అయిదేళ్ల తర్వాత అప్పులేని బండి చేతిలో ఉంటుంది కదా అని అడగవచ్చు. నిజమే, అది ఆస్తే. కానీ అది మీది కావాలంటే అరవై కిస్తీలు పూర్తి కావాలి. మధ్యలో ఎనిమిదో నెలలోనో పదో నెలలోనో ఊపిరాడకపోతే ఆ ఆస్తి దాకా చేరడం కష్టం.

లోకల్ పని మానేసి లాంగ్‌కు మారతానని కొందరు అంటారు. మారవచ్చు. కానీ దాని ఖర్చు కూడా రాసుకోండి. లోకల్‌లో మీరే స్టీరింగ్ పట్టుకుని రాత్రికి ఇంటికి వస్తున్నారు. లాంగ్‌లో వారాలు బయట ఉండాలి, లేదా డ్రైవరుకు జీతం, బత్తా ఇవ్వాలి. తిరుగు లోడు ఎవరిస్తారో ముందే తెలియాలి. విశాఖ నుంచి ఖాళీగా వస్తే ఇందాకటి లెక్క మొత్తం తలకిందులవుతుంది. యాభై ఏళ్లు దాటినవారు ఈ మాట ఇంట్లో భార్యతో, పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవాలి.

మధ్య దారులు

పాతది ఉంచుకోవడం, కొత్తది కొనడం, ఈ రెండే దారులని అనుకోకండి.

ఒక దారి ఇంజన్ పని చేయించుకుని పాత బండినే నడపడం. బోరు పని, గేరుబాక్సు, కమాను కట్టలు అన్నీ కలిపి రెండున్నర లక్షలు అవుతుందంటే గుండె గుభేలుమంటుంది. అది ఇందాకటి కిస్తీలు నాలుగంటే నాలుగు. లోకల్‌లో తిరిగే, చాసిస్ గట్టిగా ఉన్న బండికి ఈ ఖర్చు పెట్టడం చాలాసార్లు సరైన పనే. చాసిస్ తుప్పుపట్టి పగుళ్లిచ్చినదైతే మాత్రం ఇంజన్ మీద డబ్బు పోయడం దండగ.

రెండో దారి నాలుగైదేళ్ల సెకండ్ హ్యాండ్ బండి. ధర తక్కువ, కిస్తీ తక్కువ. వడ్డీ కాస్త ఎక్కువ ఉంటుంది, గడువు తక్కువ ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చినవి బీఎస్-6 బండ్లు. వీటిని కంప్యూటర్ పెట్టి పరీక్షించే మెకానిక్కుకు చూపించే కొనాలి. పొగ గొట్టం దగ్గరి ఫిల్టరు, యాడ్‌బ్లూ వ్యవస్థ చెడితే ఖర్చు పెద్దది. జీఎస్టీ తగ్గి కొత్త బండి ధర దిగినప్పుడు పాత బండి ధర కూడా దిగాలి. కొనేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకుని బేరం చేయండి. అమ్మేటప్పుడు ఎదుటివాడు అదే మాట మీకు చెబుతాడు.

వయసు తెచ్చే ఖర్చులను కూడా మరవద్దు. ఎనిమిదేళ్ల దాకా ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. 2021లో నిబంధనలు సవరించాక పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ రుసుము బాగా పెరిగింది. అంత వయసు దాటిన బండిని గుర్తింపు పొందిన స్క్రాప్ కేంద్రంలో ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త రవాణా వాహనం పన్నులో 15 శాతం దాకా రాయితీకి వీలుంది. పద్నాలుగో ఏట ఉన్న బండి యజమాని ఈ లెక్క ఇప్పుడే వేసుకోవాలి.

ఇంకో మాట. కిస్తీ తీర్చడానికి అధిక లోడు వేస్తాననుకుని బండి కొనకండి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో అధిక బరువుకు జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఒక్కసారి పట్టుబడితే ఎన్నో ట్రిప్పుల మిగులు పోతుంది.

అమ్మేటప్పుడు పేరు మారాలి

మన దగ్గర ఒక అలవాటుంది. నోటరీ కాగితం రాసుకుని, 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి, తాళంచెవి ఇచ్చేసి, డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి రావడం. కొన్నవాడు ఇంకొకరికి అమ్ముతాడు, ఆయన మరొకరికి. ఆర్‌సీలో మాత్రం మీ పేరే.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఒక వాహనం పలు చేతులు మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మారలేదు. ప్రమాదం జరిగింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో యజమాని ఆయనే, నష్టపరిహారం బాధ్యతా ఆయనదేనని కోర్టు తేల్చింది. మీరు అమ్మేసిన లారీ మూడేళ్ల తర్వాత ఎక్కడో బీమా లేకుండా ఎవరినో గుద్దితే నోటీసు ఖుర్సీపార్‌లో మీ ఇంటికి వస్తుంది. కాబట్టి అమ్మిన 14 రోజుల్లో మీరు ఆర్‌టీఓకు తెలియజేయాలి. పేరు మారిన ఆర్‌సీ కాపీ చేతికి వచ్చేదాకా కొంత సొమ్ము ఆపినా సరే, కొన్నవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి మార్పించండి. బీమా కంపెనీకి కూడా రాయండి.

పాత బండి మీద లోను మిగిలి ఉంటే దాన్ని తీర్చి, ఎన్‌ఓసీతో పాటు 35వ ఫారం తీసుకుని, ఆర్‌సీలో బ్యాంకు పేరు కొట్టించాకే అమ్మాలి. "కిస్తీలు నేను కట్టుకుంటాను, బండి నాకిచ్చేయ్" అనే బేరానికి ఒప్పుకోవద్దు. ఆయన కట్టకపోతే చెడేది మీ సిబిల్.

డీలరుకు ఎక్స్‌ఛేంజిలో ఇస్తే పాత బండికి ఎంత, కొత్త బండి మీద తగ్గింపు ఎంత అని రెండూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. రెండూ కలిపి చెబితే ఒకదాంట్లో ఇచ్చింది ఇంకోదాంట్లో పోయినా తెలియదు.

లోను తీసుకునేటప్పుడు

వడ్డీ రేటు అడిగేటప్పుడు అది ఫ్లాట్ రేటా, తగ్గుతున్న బాకీ మీదా అని తప్పకుండా అడగండి. 7 శాతం ఫ్లాట్ అంటే 10 శాతం కంటే చవకగా వినిపిస్తుంది. అదే 30 లక్షలకు అయిదేళ్లు 7 శాతం ఫ్లాట్ వేస్తే వడ్డీ పదిన్నర లక్షలు, కిస్తీ 67,500. తగ్గుతున్న బాకీ మీద 10 శాతానికి 63,741 అని ఇందాక చూశాం. నెలకు 3,700 పైగా తేడా. ఎక్కడ తీసుకున్నా సరే, రేటు పక్కన పెట్టి కిస్తీ ఎంత, ఎన్ని కిస్తీలు, మొత్తం ఎంత కడతాను అని మూడు అంకెలు రాయించుకోండి.

చాసిస్ వచ్చాక బాడీ కట్టడానికి వారాలు పడుతుంది. ఆ రోజుల్లో బండి సంపాదించదు. మొదటి కిస్తీ ఎప్పటి నుంచి మొదలవుతుందో ముందే మాట్లాడుకోండి. కనీసం మూడు కిస్తీల సొమ్ము, మన ఉదాహరణలో లక్షా 91 వేలు, విడిగా డిపాజిట్‌లో ఉంచండి. అది లేకపోతే బండి కొనే సమయం ఇంకా రాలేదని అర్థం.

నాన్నగారు ప్లాంటులో రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ మొత్తం తెచ్చి మార్జిన్‌గా కట్టేద్దామని కొందరు వస్తారు. ఆ డబ్బు ఆయన ముప్పై, ముప్పై అయిదేళ్లు ఫర్నేసు వేడిలో, మిల్లు చప్పుడులో నిలబడి సంపాదించింది. అమ్మానాన్నల మందులకు, మిగతా జీవితానికి ఉన్నది అదే. లారీ మునిగినా ఆ డబ్బు మునగకూడదు. అందులోంచి తీసుకున్నా ఎంత తీసుకోవచ్చో ఆయన నిర్ణయించాలి, కొడుకు కాదు.

పన్ను సంగతి ఒక్క మాట. పది బండ్ల లోపు ఉన్నవారు అంచనా ఆదాయం పద్ధతిలో రిటర్ను వేయవచ్చు. భారీ బండికి టన్నుకు నెలకు 1,000 రూపాయలు ఆదాయంగా లెక్క. 28.5 టన్నుల బండికి ఏడాదికి 3 లక్షల 42 వేలు. అదే బండికి ఏడాది కిస్తీలు 7 లక్షల 65 వేలు. ఒక్క రిటర్ను మాత్రమే చూస్తే మీరు కిస్తీ కట్టగలరని ఏ అధికారికీ అనిపించదు. అందుకే ట్రిప్పుల పుస్తకం కావాలి. కిరాయిలు బ్యాంకు ఖాతాలోకి రావాలి.

ఇక్కడున్న మా శాఖ సహోద్యోగులకూ ఒక మనవి. లారీ లోనుకు వచ్చినవారిని డీలరు కొటేషన్ అడిగే ముందు ఆరు నెలల ట్రిప్పుల లెక్క అడుగుదాం. 2,000 కిలోమీటర్ల పనికి 64,000 కిస్తీ పెడితే ఈ మార్చిలో మన టార్గెట్ నిండుతుంది, వచ్చే మార్చికి అదే ఖాతా ఎన్‌పీఏ జాబితాలో ఉంటుంది. వద్దు అని చెప్పాల్సిన చోట కారణం చూపించి వద్దని చెప్పడం కూడా మన పనే.

పని ఆగి కిస్తీ తప్పే పరిస్థితి వస్తే ఫోను ఎత్తడం మానేయకండి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఆ తర్వాత మా చేతుల్లో ఉండేది తక్కువ. మొదటి నెల తప్పగానే వస్తే గడువు పెంచడమో, మరో మార్గమో చూడటానికి అవకాశం ఉంటుంది. గేటు ముందు బండి ఎన్నాళ్లుగా నిలిచిందో మాకు మీరు చెబితేనే తెలుస్తుంది.

చివరిగా ఒక పని చెబుతాను. రేపటి నుంచి బండిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి ట్రిప్పుకూ అయిదు అంకెలు రాయండి. ఎన్ని కిలోమీటర్లు, అందులో లోడుతో ఎన్ని, ఎన్ని లీటర్ల డీజిల్, వచ్చిన కిరాయి, బండి నిలిచిన రోజులు. మూడు నెలలు రాస్తే మీ బండి సంగతి మెకానిక్కు కంటే, డీలరు కంటే, మాకంటే మీకే బాగా తెలుస్తుంది. ఆ పుస్తకం, ఆర్‌సీ, బీమా కాగితాలు తీసుకుని శాఖకు రండి. కలిసి కూర్చుని మీ అంకెలతో ఇదే లెక్క మళ్లీ వేద్దాం. కొత్త బండి కొనడమే మేలని తేలితే లోను ఇస్తాం. కాదని తేలితే టీ తాగి వెళ్లండి, పాత బండికి ఇంజన్ పని చేయించుకోవడానికి ఎంత కావాలో అప్పుడు మాట్లాడుకుందాం.

 ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.